పుట్టింటి మాత్రలు

మా ఊరి వెనకాల ముక్కుకొండ ఉంది. నగరి పక్కకు వచ్చినవాళ్ళెవరైనా చూసే ఉంటారు. మనిషి వెల్లకిలా పడుకుని ఆకాశంలోకి ముక్కు లేపినట్టు ఉంటుంది. ఒక ఏడు చలికాలంలో ఆ ముక్కుకు జలుబు చేసింది. ఊరంతా వరద. పెద్దలొచ్చి మా తాత కాళ్ళ మీద పడితే, ఆయన మగ్గం గుంతలోంచి లేవకుండా ఒక పంచె నేసి ఇచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా దాన్ని మోసుకెళ్ళి కొండ ముక్కు తుడిచారు.

ఈ కథ పెళ్ళైనప్పటి నుంచీ చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ, సరిగ్గా ముక్కు తుడిచే చోట, నా పెళ్ళాం చౌడేశ్వరమ్మ కండెలు చుట్టే రాట్నం ఆపి ఒకే మాట అనేది.

"ఆ కొండకి ముక్కు పెట్టిన దేవుడు సెవులు పెట్టకపోవడం మంచిదైంది. పెట్టుంటే నీ కోతలు వినలేక ఎప్పుడో లేసి పోయుండును."

జనం నా కథకు కాదు, ఆ మాటకే నవ్వేవాళ్ళు. ఊళ్ళో నన్ను కోతల రామలింగయ్య అంటారు. అననీ, నేనెప్పుడూ చిన్నబోలేదు. పోయిన ఆడి నెలలో మాత్రం ఒక్క నిజం నమ్మించడానికి కనపడినవాళ్ళందరి గడ్డాలూ పట్టుకున్నాను.

ఆడి అంటే అరవవాళ్ళ ఆషాఢం. దాని మొదట్లో మా బావమరిది యువరాజ్ వచ్చాడు. వాళ్ళది సరిహద్దుకు అవతల, అరవ పక్క పల్లె. మాకూ వాళ్ళకూ మధ్య ఒక వాగు, రెండు బోర్డులు. ఆడి నెల వస్తే అక్కకు సారె తెచ్చి తీరతాడు. పళ్ళెంలో చీర, గాజులు, పసుపు కొమ్ములు, అరటిపళ్ళు. ఈసారి వాటి మధ్య మాత్రల పట్టీలు కూడా ఉన్నాయి.

"ఇదేందప్పా, సారెలో మాత్రలు పెట్టినావు? వచ్చే ఏడు సూదులా?" అన్నాను.

"అక్కవే బావా. ఎండాకాలంలో మా ఇంటిదానికి ఆపరేషన్ అయినప్పుడు అక్క మా ఇంట్లో ఉన్నింది గదా. అప్పుడు మా ఊరి నర్సు ఇంటింటికీ వచ్చి సక్కెర పరీక్ష చేసింది. అక్క పేరు గూడా ఎక్కించుకున్నింది. నెల నెలా వాకిట్లోకే తెచ్చిస్తా ఉండారు. అక్క వస్తాది, పోతాదిలే అని నేనే తీసి పెట్టినా."

"ఈమెకు ఈడ గూడా ఇస్తా ఉండారు గదప్పా."

"అది వేరే, ఇది వేరే. రంగు సూడు బావా. మీ పక్కది పచ్చగా ఉండాది, మాది తెల్లగా ఉండాది."

ఆ వాదన నాకూ సరిగానే తోచింది. ఎందుకంటే అప్పటికే ఆమె ఒంట్లో మూడు జబ్బులు కాపురం చేస్తున్నాయి. చక్కెరకు టౌనులో ఒక డాక్టరు. బీపీకి ఇంకొక ఆసుపత్రి. కాళ్ళు వాస్తే తిరుపతికి తీసుకుపోయాను. కిడ్నీలు నీరసించాయన్నారు. వేరుపడ్డ అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టు ఆమెను పంచుకున్నారు. ఒకరికి నెత్తురు, ఒకరికి గుండె, ఒకరికి నడుము. ఒకరి వాటాలో ఇంకొకరు అడుగు పెట్టరు. పెడితే తగువులొస్తాయేమో మరి. అంత మంది మధ్యలో ఇంకొక రంగు మాత్ర వస్తే ఎవరు లెక్క చేస్తారు?

చౌడేశ్వరమ్మ పళ్ళెం అందుకుని చీర కళ్ళకద్దుకుంది. గాజులు అద్దుకుంది. మాత్రల పట్టీలు కూడా అద్దుకుంది. పసుపు రాలి వాటి మీద పడింది.

"రెండూ మింగుతావా ఏంది?" అన్నాను.

"పుట్టింటి నుంచి వచ్చింది వద్దంటానా? నీ ఇంటి మందుతో పాటే అదీ."

"సరే, మాది ఈ పక్క సక్కెరకు, మీది ఆ పక్క సక్కెరకు."

యువరాజ్ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వుతోనే పచ్చది సగం, తెల్లది ఒకటి నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది.

ఆడి శుక్రవారాల్లో మా సాలె వీధి ఆడవాళ్ళు ఒక్కపొద్దు ఉంటారు. పొద్దున అంబలి కాచి, వేపాకు కట్టిన కుండలు నెత్తిన పెట్టుకుని అమ్మవారి గుడికి పోతారు. అమ్మకు పోసిన తర్వాతే నోట్లో ఏదైనా పడేది. మాత్రలు మాత్రం మందు గదా, వాటికి ఒక్కపొద్దు అడ్డం రాదని చౌడేశ్వరమ్మ తెల్లారే మింగేసింది.

మొదటి శుక్రవారం గుళ్ళో గంట కొడుతున్నారు. నేను మంటపం మెట్ల మీద కూర్చుని ఎవరికో కొండ జలుబు కథ చెబుతున్నాను. ముక్కు తుడిచే చోటు వచ్చింది. అటు వైపు నుంచి మాట రాలేదు. తిరిగి చూశాను.

చౌడేశ్వరమ్మ నిలబడి వణుకుతోంది. కళ్ళు ఎక్కడో ఉన్నాయి. జుట్టు ముడి ఊడింది.

"ఆకలి," అంది. ఆ గొంతు ఆమెది కాదు. "ఆకలి… ఆకలి…"

"అమ్మ వచ్చింది!" అని ఎవరో కేక పెట్టారు. క్షణంలో వీధంతా అక్కడే. వేపమండలు తెచ్చారు, హారతి వెలిగించారు. మా కోడలు భువనేశ్వరి అత్త కాళ్ళకు బిందెడు పసుపు నీళ్ళు పోసింది. మరమగ్గాల షెడ్డు ఆసామి గిరిప్రసాద్ సాష్టాంగపడ్డాడు.

"తల్లీ, సరుకు గోడౌన్లో కుళ్ళిపోతా ఉండాది. ఎప్పుడు కదుల్తాది తల్లీ?"

"ఆకలి," అంది చౌడేశ్వరమ్మ.

"అమ్మకు ఆకలంట! పానకం, పానకం!"

చెంబుడు బెల్లం పానకం ఆమె నోట్లో పోశారు. కాసేపటికి వణుకు ఆగింది. కళ్ళు వెనక్కి వచ్చాయి. "నేను యాడుండా?" అని అడిగింది. అమ్మవారు శాంతించిందని అందరూ దండం పెట్టారు. అమ్మవారి పేరూ ఆమె పేరూ ఒకటే గదా, దిగడానికి ఇల్లు వెతుక్కోనక్కర్లేదు.

నేను ఆమె మెడ మీద చెయ్యి వేశాను. పూనకం వచ్చిన ఒళ్ళు కాగుతుంది, చిన్నప్పటి నుంచీ చూశాను. ఈమె ఒళ్ళు గంజిలో ముంచి తీసిన నూలులాగా చల్లగా, తడిగా ఉంది.

ఇంటికొచ్చాక మెల్లిగా అడిగింది. "ఏమయ్యా, నిజంగా నా మీదికి వచ్చిందా?"

ఆ మొహంలో ఎప్పుడూ చూడని వెలుగు ఉంది. చిన్నప్పటి నుంచీ కుండ మోస్తూనే ఉంది, ఒక్కసారి కూడా పూనకం రాలేదు. ఎవరెవరి మీదికో వస్తే దండం పెట్టి ఇంటికొచ్చేది.

ఆ సాయంత్రమే టౌనులో చక్కెర డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. వేలు పొడిచి చూశారు. చక్కెర మామూలు కంటే బాగా ఎక్కువుంది.

"సార్, వణికింది, చెమటలు పోసినాయి, మాట మారిపోయింది. తర్వాత చెంబుడు పానకం తాగించినారు. ఆ పానకమే సార్ ఇప్పుడు కనపడేది," అన్నాను.

కాంపౌండరు మా వీధివాడే. "సార్, ఈ మామ మాటల్లో చెంబును స్పూనుగా రాసుకోవాల," అన్నాడు. డాక్టరు నవ్వాడు. పంటి కింద బెల్లం పెట్టుకుని ఒక్కపొద్దు అంటే ఎట్లాగమ్మా అని ఆమెను ముద్దుగా కోప్పడ్డాడు. పచ్చ మాత్ర సగం వేసుకునేదాన్ని ఒకటి చేశాడు.

తిరుపతిలో కిడ్నీ డాక్టరుకూ చెప్పాను. ఆయన కాళ్ళు నొక్కి చూసి వాపు తగ్గిందన్నాడు. చక్కెర సంగతి చక్కెర వాళ్ళనే అడగమన్నాడు. పక్క పల్లెకు కొత్త నర్సు వచ్చిందని విని పోతే తలుపుకు తాళం ఉంది, ట్రైనింగుకు పోయిందన్నారు.

రెండో శుక్రవారం మళ్ళీ అదే వణుకు వచ్చింది. ఈసారి పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చి కాచుకుని ఉన్నారు. పిల్లలు లేనివాళ్ళు, పొలం తగాదావాళ్ళు, పరీక్ష తప్పినవాళ్ళు. అందరికీ అమ్మ ఒకటే చెప్పింది, ఆకలి అని. ఎవరికి తగ్గట్టు వాళ్ళు అర్థం చేసుకుని పోయారు. వణుకు తగ్గడానికి ఈసారి ఒక చెంబు చాల్లేదు.

మూడో శుక్రవారం తెల్లారే నేను ఇడ్లీ పొట్లం పట్టుకుని ఆమె ముందు కూర్చున్నాను.

"ఒక్కటి తినవే. అమ్మవారికి నేను సెప్పుకుంటా."

"అమ్మ దిగే పొద్దు ఎంగిలి పడమంటావా? సిగ్గు లేదా?"

"అది అమ్మ కాదే. ఏదో జబ్బు. నీ ఒళ్ళు సల్లబడిపోతా ఉండాది."

ఆమె కుండకు వేపాకు కడుతూనే అంది. "ఊరంతా నమ్మింది. నువ్వొక్కడివే నమ్మవు. కొండకి జలుబు చేసిందంటే నేను నమ్మలా, ఇన్నేండ్లు?"

"యాడ నమ్మినావు? ఎక్కిరించినావు గదా."

"ఎక్కిరిస్తా నమ్మినా," అంది. పచ్చది ఒకటి, తెల్లది ఒకటి మింగి కుండ ఎత్తుకుంది.

గుళ్ళో గంట మొదలవకముందే పడిపోయింది. ఈసారి ఆకలి అని కూడా అనలేదు. భువనేశ్వరి పానకం పోస్తే పెదవి మూల నుంచి చెవిలోకి కారిపోయింది. కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి, లోపల ఎవరూ లేరు.

"ఆటో పిలవండప్పా!" అని అరిచాను.

"అమ్మ ఇంకా దిగలేదు మామా," అన్నాడు గిరిప్రసాద్. "మధ్యలో కదిలిస్తే ఊరికి అరిష్టం."

"ఇది అమ్మ కాదురా. సూడు, ఊపిరి ఎట్లా ఉండాదో."

"నీ కోతలు ఈ పొద్దన్నా మానుకో మామా."

ఎవరో డప్పు గట్టిగా కొట్టారు. ఎవరో ఆమె నుదుట ఇంకా కుంకుమ పెట్టారు. దోవంతా జనం. నేను ఆమె చంకల కింద చేతులు వేసి లాగాను. నా వల్ల కాలేదు. చుట్టూ చూశాను. అందరూ నాకు తెలిసినవాళ్ళే, నా కథలు విని పెరిగినవాళ్ళే. అంత మందిలో ఒక్క చెయ్యి ముందుకు రాలేదు.

మోకాళ్ళ మీద కూలబడిపోయాను.

"నాయనలారా, నేను సెప్పిందంతా అబద్ధమే. కొండకి జలుబు చెయ్యలా. మా తాత పంచె నెయ్యలా. ఆయన అప్పుల్లో సచ్చినాడు. నా నోట్లో నుంచి వచ్చిందంతా అబద్ధం. ఇది ఒక్కటి నిజం. నా పెళ్ళాం సస్తా ఉండాది."

డప్పు ఆగింది. అయినా ఎవరూ కదలలేదు. మా కోడలు హారతి పళ్ళెం కింద పెట్టింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి అత్త కాళ్ళ దగ్గరికి వచ్చింది.

"మామా, నువ్వు తల పట్టుకో," అంది.

తిరుపతి పెద్దాసుపత్రిలో సూది వేసి, సెలైన్ పెట్టి, వేలు పొడిచి చూశారు. చక్కెర అడుగంటిందన్నారు. గ్లూకోజు ఎక్కించారు. కనురెప్పలు కదిలాయి. హమ్మయ్య అనుకునే లోపల మళ్ళీ చల్లబడింది. మళ్ళీ ఎక్కించారు. మళ్ళీ పడిపోయింది. చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే ఉంది.

వార్డులో చేర్చాలంటే ఏ వార్డు? చక్కెర వార్డు వాళ్ళు కాయితాలు చూసి కిడ్నీ మనిషి అన్నారు. కిడ్నీ వార్డు వాళ్ళు ఇది చక్కెర కేసు గదా అన్నారు. వరండాలో రెండు తలుపుల మధ్య స్ట్రెచర్ మీద ఉంది నా పెళ్ళాం, నుదుటి నిండా కుంకుమతో. వచ్చేపోయేవాళ్ళు ఆ కుంకుమ చూసి దారి ఇస్తున్నారు గానీ ఎవరూ ఆగడం లేదు. స్ట్రెచర్ చక్రం దొర్లిపోకుండా నేను కాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. అది తప్ప నేను చేయగలిగింది ఇంకేమీ లేదు.

అప్పుడు నవీన అనే చిన్న వయసు డాక్టరమ్మ వచ్చింది. "ఏమేం మాత్రలు వాడుతోంది తాతా?"

"మూడు ఆసుపత్రులు, రెండు రాష్ట్రాల మందులు తింటా ఉండాదమ్మా."

"తాతా, కథలు వద్దు. సరిగ్గా చెప్పండి."

ఎట్లా చెబితే నమ్ముతుందో నాకు తెలియలేదు. భువనేశ్వరి వచ్చేటప్పుడు నడుముకు దోపుకున్న సంచి విప్పి మాత్రలన్నీ స్ట్రెచర్ మీద, అత్త మోకాళ్ళ పక్కన కుమ్మరించింది. డాక్టరమ్మ పచ్చ మాత్రల పట్టీ తీసి చదివింది. తెల్ల మాత్రల పట్టీ తీసింది. దాని మీద సారె పసుపు గట్టిపడి ఉంది. బొటనవేలితో తుడిచింది. చదివింది. మళ్ళీ పచ్చది చదివింది.

"ఇదీ అదే కదా తాతా," అంది మెల్లిగా. "రంగే వేరు. ఒకే మందు. రెండింతలు పడింది. కిడ్నీలు బాగుంటే ఈపాటికి బయటికి పోయేది. ఈమెకి పోవడం లేదు, లోపలే కూర్చుని చక్కెర తినేస్తోంది."

ఫోను తీసి రెండు వార్డులకూ మాట్లాడింది. అంతా ఇంగ్లీషు, మధ్యలో గొంతు పెంచి ఒక్క తెలుగు మాట అంది. "ఒక్క మనిషే సార్. రెండు కేసులు కాదు."

బతికింది. ఎన్ని సీసాలు ఎక్కాయో తెలియదు. కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టింది, కోడల్ని గుర్తుపట్టింది. తమ్ముడు యువరాజ్ వస్తే "నాయన రాలేదా?" అంది. వాళ్ళ నాయన పోయి చాలా ఏళ్ళైంది. మెదడుకు తిండి చక్కెరే తాతా, చాలాసేపు పస్తు పడింది అంది నవీనమ్మ. కొంత తిరిగి రావచ్చు, కొంత రాకపోవచ్చు అంది.

ఇంటికొచ్చాక రాట్నం ముందు కూర్చోబెట్టాను. చేతులు వాటంతటవే తిరిగాయి. కండె నిండిన తర్వాత కూడా చుడుతూనే ఉంది.

ఆడి ముగిసే వేళకు పక్క పల్లె ఆసుపత్రిలో ఒక కొత్త పద్ధతి మొదలైంది. చక్కెర, బీపీ, కిడ్నీ, కాళ్ళ పుండ్లు, కంటి చూపు, అన్నీ ఒకే రోజు, ఒకే గదిలో చూస్తారు. ట్రైనింగుకు పోయిన నర్సు దీనికేనట. పేరు అమల. నవీనమ్మ చౌడేశ్వరమ్మ సంగతంతా ఆ గదికే పంపించింది. యువరాజ్ కూడా మాతో వచ్చాడు. అమల మా ఎదురుగానే అరవ పక్క నర్సుకు ఫోను కలిపింది. ఒకరికి తెలుగు అంతంత, ఇంకొకరికి అరవం అంతంత. అయినా జబ్బు సంగతి ఇద్దరికీ బాగానే అర్థమైంది.

"ఒక మనిషి రెండు పక్కలా ఉండకూడదు," అంది అమల, ఫోను చేత్తో మూసి. "ఆ పక్క పేరు తీసేస్తామంటా ఉండారు. ఇంటివాళ్ళు ఒక మాట సెప్పాలంట."

యువరాజ్ తల దించుకున్నాడు.

"పెళ్ళైన ఏడే రేషన్ కార్డులో తీసేసినాము బావా. ఓటు మీ ఊరికి వచ్చేసింది. మా ఇంటి మీద అక్క పేరు ఉండేది ఇప్పుడు ఆ నర్సు దగ్గరొక్కటే. అందుకే ఆయమ్మ పేరు రాసుకుంటే సంతోషపడినా."

చౌడేశ్వరమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది, ఎవరి సంగతో మాట్లాడుకుంటున్నట్టు.

యువరాజ్ ఫోను అందుకున్నాడు. అరవంలో రెండు మాటలు చెప్పాడు. ఫోను తిరిగి ఇచ్చేసి, బయట కొళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాడు.

ఆ తర్వాతి నెల మళ్ళీ వచ్చాడు. ఆడి కాదు, సారె తెచ్చే నెల కాదు. అయినా పళ్ళెం తెచ్చాడు. గాజులు, పసుపు, అరటిపళ్ళు. మాత్రలుండే చోట తెల్లగుడ్డలో కట్టిన బెల్లం ముద్ద.

"ఒళ్ళు సల్లబడినట్టుంటే వెంటనే నోట్లో వేసుకోవాలంట అక్కా. ఆ నర్సమ్మనే అడిగినా," అన్నాడు.

ఆమె దాన్ని కళ్ళకద్దుకుని కొంగున ముడి వేసుకుంది.

ఇప్పటికీ జనం వీధిలో ఆమె కాళ్ళకు దండం పెడతారు. అప్పుడు వచ్చింది అమ్మవారేనంటారు, కోతల రామలింగయ్య మాట నమ్మొద్దంటారు. నిన్న చౌడేశ్వరమ్మే అడిగింది, "వాళ్ళు నాకెందుకు దండం పెడతా ఉండారు?" అని. ఉన్నదున్నట్టు చెప్పాను. ఒకే మందు రెండు రంగుల్లో ఉండడం, చెంబుడు పానకం, రెండు తలుపుల మధ్య స్ట్రెచర్. అంతా విని చిన్నగా తల ఊపింది.

"ఇది బాగలేదు. ఇంకొకటి సెప్పు," అంది.

అందుకని కొండ కథ చెప్పాను. రోజూ చెబుతూనే ఉన్నాను. జలుబు, వరద, మా తాత, పంచె. జనం మోసుకెళ్ళారు, ముక్కు తుడిచారు. అక్కడ ఆగాను. రాట్నం కూడా ఆగింది. నేను ఆమె పెదవులనే చూస్తున్నాను.

"అయ్యో పాపం," అంది చౌడేశ్వరమ్మ, కొండ వైపు తిరిగి. "తర్వాత తగ్గిందా?"

"తగ్గతా ఉండాదే," అన్నాను.